ఎత్తలేని చేయి: భుజసంధివాతానికి కత్తి లేని చికిత్సలు



ఇన్నేళ్లుగా ఈ పత్రికలో స్తోత్రాలకు అర్థాలు, పర్వదినాల విశేషాలు రాస్తూ వచ్చాను. ఈ నెల భుజాన్ని గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది. పర్వదినాలలో దర్శనానికి వచ్చే పెద్దలలో చాలామంది నా దగ్గర అక్షతలు వేయించుకొని, వెంటనే కుడి భుజమో ఎడమ భుజమో చూపి, "శాస్త్రిగారూ, మీకు కూడా ఈ బాధే ఉండేదట కదా, ఏ మాత్ర వేసుకున్నారు?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ఒక మాత్ర పేరు చెప్పి పంపడం పాపమని అనుభవం మీద తెలుసుకున్నాను. అందుకే ఈ వ్యాసం.

నేను వైద్యుణ్ణి కాను. సంస్కృతం చదువుకొని, సంస్కృతం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. వయస్సు డెబ్బై ఆరు. ఇక్కడ రాసేది వైద్యులు నాకు బోధించినదీ, నేను చదివి పోల్చి చూసుకున్నదీ, నా ఒంటి మీద పడినదీ. మీ మందును నిర్ణయించవలసినవారు మీ వైద్యులే.

మూడేళ్ల క్రితం కార్తిక సోమవారంనాడు ఒంగోలులో సామూహిక రుద్రాభిషేకం జరుగుతున్నది. కలశం పట్టిన నా కుడిచేయి రొమ్ము దాటి పైకి లేవలేదు. బలవంతంగా ఎత్తబోతే భుజంలో ఏదో కరకరలాడింది. కలశం జారి నీళ్లన్నీ నా మీదనే ఒలికాయి. పక్కనున్నవారు నవ్వలేదు, జాలిపడ్డారు. ఆ జాలి నాకు నొప్పికంటె ఎక్కువ బాధ కలిగించింది. మర్నాడే సంతపేటలో ఒక మందుల దుకాణానికి వెళ్లి, భుజం చూపి, వాళ్లిచ్చిన నొప్పి మాత్రలు తెచ్చుకున్నాను. చీటీ లేదు, పరీక్ష లేదు. అరగంటలో చేయి తేలికైంది. ఆ తేలికతనమే నన్ను మోసగించింది.

భుజశిరస్సు అనే పేరు

అమరకోశం భుజానికి స్కంధము, భుజశిరస్సు, అంసము అని మూడు పేర్లు చెబుతుంది. విద్యార్థులకు ఈ పేర్లు వల్లె వేయించిన రోజులలో రెండవ పేరు నాకు అలంకారంగా తోచేది. ఎక్స్‌రే పటం చూచిన తరువాత అది ఉన్నదున్నట్లు చెప్పిన మాట అని తెలిసింది. చేతి పై ఎముక చివర నిజంగానే గుండ్రని తల ఉన్నది. ఆ తల రెక్క ఎముక అంచున ఉన్న చిన్న గుంటలో ఆని తిరుగుతుంది. గుంట లోతు చాలా తక్కువ. చిన్న ప్రమిద మీద పెద్ద నిమ్మకాయ నిలబెట్టినట్లు ఉంటుంది. నిమ్మకాయ జారకుండా చుట్టూ కండరాలు, స్నాయువులు, ఒక సంచి వంటి పొర పట్టి ఉంచుతాయి. లోతు లేకపోవడం వల్లనే శరీరంలోని ఏ కీలుకూ లేనంత స్వేచ్ఛ భుజానికి దక్కింది. వీపు గోక్కోవడం, తల దువ్వుకోవడం, శిరస్సు మీద అంజలి ఘటించడం ఆ స్వేచ్ఛ పుణ్యమే.

ఎముకల చివర నున్నని పొర ఉంటుంది. సుశ్రుతుడు మెత్తని ఎముకను తరుణాస్థి అన్నాడు. ఆ పొర అరిగి, ఎముక మీద ఎముక రాసుకోవడమే అరుగుదల సంధివాతం. భుజం మోకాలివలె శరీరం బరువు మోయదు కనుక ఈ అరుగుదల మోకాలిలో కంటె భుజంలో తక్కువ. వచ్చినప్పుడు మాత్రం చేయి కదలిక క్రమంగా కుదించుకుపోతుంది. చరకుడు సంధిగత వాతాన్ని వర్ణిస్తూ కీలు గాలి నిండిన తోలుతిత్తి వలె తాకుతుందనీ, చాచినా ముడిచినా నొప్పి పుడుతుందనీ చెప్పాడు. సుశ్రుతుడు అవబాహుకమనే రోగాన్ని వేరుగా చెప్పి, భుజబంధాలు ఎండి చేయి బిగుసుకుపోవడాన్ని గుర్తించాడు. అంటే భుజం నొప్పులన్నీ ఒకటి కావని మన పూర్వులకు తెలుసు. మందుల దుకాణం దగ్గర నిలబడిన నేను ఆ సంగతే మరిచాను.

నొప్పి ఒకటే, రోగాలు అనేకం

భుజం నొప్పిలో ముఖ్యంగా ఈ భేదాలు తెలుసుకోవాలి.

అరుగుదల సంధివాతం సాధారణంగా పెద్ద వయస్సులో వస్తుంది. పాత దెబ్బలు, భుజం తొలగడం ఉన్నవారికి ముందుగానూ రావచ్చు. ఉదయం బిగువు ఉన్నా అరగంటలోపు సడలుతుంది. కదిపినప్పుడు కరకర వినిపిస్తుంది. ఎక్స్‌రేలో కనబడుతుంది.

బిగుసుకున్న భుజం నలభై నుంచి అరవై ఏళ్లవారిలో ఎక్కువ. మధుమేహం ఉన్నవారిలో మరీ ఎక్కువ. ఎముక చక్కగానే ఉంటుంది, చుట్టూ ఉన్న సంచి పొర ముడుచుకుంటుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. ఇది చాలామందికి ఒకటి నుంచి మూడేళ్లలో క్రమంగా సడలుతుంది. భుజం బిగిసిన ప్రతి ఒక్కరూ ఒకసారి రక్తంలో చక్కెర చూపించుకోవాలి.

స్నాయువు చిరిగినప్పుడు చేయి తనంతట తాను లేవదు. ఇంకొకరు ఎత్తితే లేస్తుంది. అరుగుదలలో ఎవరు ఎత్తినా లేవదు. వైద్యులు మొదట చూచే పరీక్షలలో ఇది ఒకటి.

ఆమవాతం రెండు భుజాలనూ, చేతివేళ్ల చిన్న కీళ్లనూ కలిపి పట్టుకుంటుంది. ఉదయపు బిగువు గంట, అంతకంటె ఎక్కువసేపు ఉంటుంది. ఇది అరుగుదల కాదు, శరీరపు రక్షణశక్తి దారితప్పి కీళ్ల మీద పడడం. దీని మందులే వేరు.

కొన్ని నొప్పులు భుజంలో కనబడినా భుజానివి కావు. ఎడమ భుజం నొప్పితో పాటు రొమ్ములో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే తైలం వెతకవద్దు. 108కి ఫోన్ చేయండి. కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వచ్చినా, పడిన తరువాత చేయి కదలకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

నొప్పి మాత్రలు: నేను చెప్పిన అబద్ధం

నా కథకు వస్తాను. దుకాణంలో ఇచ్చినవి ఎసిక్లోఫెనాక్ మాత్రలు. మొదట రోజుకు ఒకటి, తరువాత రెండు. ఎనిమిది నెలలు వేసుకున్నాను. పూజ ఆగలేదు, అదే చాలుననుకున్నాను. అప్పటికే రక్తపోటుకు రెండు రకాల మందులు వాడుతున్నాను. వాటిలో ఒకటి మూత్రం ఎక్కువ పోయేటట్లు చేసేది. పాదాలు వాచాయి, ఆకలి పోయింది. మా కోడలు పట్టుబట్టి వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లింది.

"గురువుగారూ, నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా?" అని ఆమె అడిగారు.

"అప్పుడప్పుడమ్మా" అన్నాను.

సత్యం పలకమని నలభై ఏళ్లు పిల్లలకు తైత్తిరీయం చెప్పిన నోటితో ఆ మాట అన్నాను. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.3 వచ్చింది. అంతకు ముందు ఏడాది 1.1 ఉన్నది. ఆమె కాగితం నా ముందు పెట్టి, "అప్పుడప్పుడు వేసుకుంటే ఇంత రాదండీ" అని మెల్లగా అన్నారు. అప్పుడు నిజం చెప్పాను. ఆ మాత్రలు ఆ రోజే ఆపించారు. మూడు నెలలకు 1.5కు దిగింది. మునుపటి స్థాయికి మాత్రం నేటికీ రాలేదు. భుజం కోసం మూత్రపిండాలలో కొంత భాగం చెల్లించుకున్నాను.

అందుచేత ఈ మందుల సంగతి వివరంగా చెబుతాను.

పారాసెటమాల్ అన్నిటికంటె మృదువైనది. అరుగుదల నొప్పిలో దాని ఉపకారం కొద్దిదే అయినా సరిగా వాడితే హాని తక్కువ. పెద్దవారికి రోజు మొత్తానికి గరిష్ఠం 4 గ్రాములు. వృద్ధులకు, బక్కపలచనివారికి, కాలేయరోగం ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి వైద్యులు ఇంకా తగ్గిస్తారు. జలుబు మాత్రలలోనూ, నొప్పికి ఇచ్చే జంట మాత్రలలోనూ ఇదే కలిసి ఉంటుంది. లెక్క కట్టేటప్పుడు అన్నిటినీ కలపాలి.

ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ ఒకే కుటుంబంలోని మందులు. నొప్పినీ వాపునూ తగ్గించడంలో వీటికి బలం ఎక్కువ. ఆ బలానికి మూల్యం ఉన్నది. కడుపులో పుండు, రక్తస్రావం, రక్తపోటు పెరగడం, మూత్రపిండాలు దెబ్బతినడం, గుండెకు ముప్పు ఆ మూల్యం. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి రక్తస్రావ భయం రెట్టిస్తుంది. కొన్ని రక్తపోటు మందులు, మూత్రం పోయే మందు, ఈ నొప్పి మాత్ర మూడూ ఒక్క శరీరంలో కలిసినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రవాహం తగ్గిపోతుంది. నాకు జరిగినది అదే. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగి, ఉపవాసం ఉండి, ఈ మాత్రలు వేసుకుంటే ప్రమాదం ఇంకా త్వరగా వస్తుంది. ఏకాదశి ఉపవాసకులు ఈ వాక్యం గుర్తుంచుకోవాలి.

అయితే ఇవి విషాలని చెప్పడం నా ఉద్దేశం కాదు. మూత్రపిండాలూ గుండే కడుపూ బాగున్నవారికి, వైద్యుల సలహాతో, అతి తక్కువ మోతాదులో, అతి తక్కువ రోజులు వాడితే మేలు చేస్తాయి. ట్రమడాల్ వంటి మత్తుజాతి మందుల జోలికి మాత్రం వృద్ధులు సొంతంగా పోరాదు. తల తిరిగి పడితే భుజానికి తోడు తుంటి కూడా విరుగుతుంది.

జటాయువు జాతికి జరిగినది

ఈ కుటుంబంలోని డైక్లోఫెనాక్ గురించి ఒక సంగతి వైద్యురాలు చెప్పగా విని, తరువాత చదివి నిర్ధారించుకున్నాను. మన దేశంలో ఒకప్పుడు ఆకాశం నిండా కనబడిన రాబందులు 1990ల నుంచి వేగంగా నశించాయి. కొన్ని జాతులలో నూటికి తొంభై అయిదుకు పైగా పోయాయి. కారణమేమిటో 2004లో తేలింది. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలలో మిగిలి, ఆ మాంసం తిన్న పక్షుల మూత్రపిండాలను చెడగొట్టింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది.

రావణునితో పోరి రెక్కలు తెగిన జటాయువును తలచుకొని మనం కన్నీరు పెడతాము. పక్షికి రెక్క మొదలే భుజం. మనుషుల భుజాలకు ఊరటనిచ్చిన మందే ఆ పక్షి జాతిని అంతరింపజేసే దాకా వచ్చింది. మనిషి మూత్రపిండాలు రాబందు మూత్రపిండాలంత సుకుమారం కావు. అయినా దెబ్బ తగిలే చోటు అదే.

పైపూతలు, మన మిరప

నొప్పి నివారక జెల్ చర్మం మీద రాస్తే రక్తంలోకి చేరే మందు తక్కువ. మోకాలికి, చేతివేళ్లకు దీని మేలు బాగా రుజువైంది. భుజం కీలు కండరాల కింద లోతున ఉంటుంది కనుక అంత ఫలితం ఆశించరాదు. భుజం పైన, కంఠపుటెముక కలిసే చిన్న కీలు చర్మానికి దగ్గర. అక్కడ నొప్పి ఉన్నవారికి కొంత ఉపయోగం ఉండవచ్చు. మూత్రపిండరోగులు జెల్‌కు కూడా వైద్యులను అడగాలి.

మన గుంటూరు, ప్రకాశం నేలలు మిరపకు పేరుపడ్డవి. మిరప ఘాటుకు మూలమైన కాప్సైసిన్‌తో నొప్పి లేపనాలు చేస్తారు. మొదట మండిస్తుంది. రోజుకు మూడు నాలుగు సార్లు, కొన్ని వారాలు క్రమంగా రాస్తే చర్మంలోని నొప్పి నాడుల చివరలు మొద్దుబారుతాయి. దీనికీ పై కీళ్ల దగ్గరే ప్రయోజనం ఎక్కువ. కల్లంలో మిరపకాయలు ఏరే చేతులకు మంట ఎలాంటిదో తెలుసు. ఆ ధైర్యంతో ఇంట్లో కారం నూరి భుజానికి కట్టవద్దు, చర్మం కాలిపోతుంది. లేపనం రాసిన తరువాత చేతులు సబ్బుతో కడగాలి. ఆ చేతితో తీర్థం పుచ్చుకొని కళ్లకు అద్దుకుంటే కలిగే బాధ చెప్పనలవి కాదు.

వేడి కాపడం పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టితే బిగువు సడలుతుంది. ఇది అభ్యాసానికి ముందు మంచిది. లేపనాలు రాసిన చోట మాత్రం వేడి పెట్టరాదు. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు వేడిని రెండవ చేతితో ముందుగా పరీక్షించాలి.

కీలులోనికి సూదిమందు

మాత్రలు పనికిరాని నా వంటివారికి స్టిరాయిడ్ సూదిమందు ఒక మార్గం. కీలులోనే వేస్తారు కనుక ఒళ్లంతా పాకేది తక్కువ. ఊరట కొన్ని వారాలు, ఒక్కొక్కరికి కొన్ని నెలలు ఉంటుంది. అరిగిన పొరను ఇది తిరిగి పుట్టించదు. మధుమేహులకు వేసిన తరువాత కొన్నాళ్లు చక్కెర పెరుగుతుంది, ముందే చెప్పి మందు సర్దుకోవాలి. మాటిమాటికీ వేయించుకోవడం కీలుకు మంచిది కాదు. ఏడాదికి మూడు నాలుగింటికి మించనివ్వరు. కీలుమార్పిడి శస్త్రచికిత్స దగ్గరలో ఉంటే, సోకుడు భయంచేత, ముందు మూడు నెలలలో వేయరు.

కీలులో జిగురు వంటి హయలురోనిక్ ఆమ్లం ఎక్కించే సూది కూడా ఉన్నది. ఖరీదు ఎక్కువ. అమెరికాలోని ఎముకల శస్త్రవైద్యుల అకాడమీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలలో భుజం అరుగుదలకు దీనివల్ల ప్రయోజనం లేదని గట్టి ఆధారాలతో తేల్చింది. బంగారం కుదువపెట్టి వేయించుకోదలచినవారు ఈ సంగతి ముందుగా వైద్యులతో చర్చించండి.

నేను ఒకేసారి స్టిరాయిడ్ సూది వేయించుకున్నాను. రెండు నెలలు నొప్పి అణిగింది. "ఈ రెండు నెలలు పూజకు కాదండీ, వ్యాయామానికి" అని వైద్యురాలు అన్నారు. ఈ వ్యాసంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యవాక్యం అదే.

ఆమవాతానికి వారానికి ఒక్కరోజు మందు

ఆమవాతం భుజాన్ని పట్టితే నొప్పి మాత్రలు మాత్రమే మింగుతూ కూర్చోరాదు. రోగాన్ని అణచే మందు త్వరగా మొదలుపెడితే కీలు చెడకుండా నిలుస్తుంది. వాటిలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దీని వంశంలో మన తెలుగువాడి చేయి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో పనిచేశారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దాని పనికి అడ్డుపడే ఔషధాలనూ రూపొందించింది. మెథోట్రెక్సేట్ ఆ ఔషధాల కుటుంబంలోనిది. ఆయన 1948లో పరమపదించారు.

ఈ మందును ఆమవాతానికి వారానికి ఒక్కరోజే ఇస్తారు. పొరపాటున ప్రతిరోజూ వేసుకుంటే ప్రాణాలు పోతాయి. సోమవారమో గురువారమో ఒక వారం నిశ్చయించుకొని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. దానితో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వైద్యులు చెబుతారు. అప్పుడప్పుడు రక్తపరీక్షలు తప్పవు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే చీటీని రెండుసార్లు చదివించండి.

తాగే నీటిలో ఉన్న కారణం

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉన్నది. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకునే రోగాన్ని మన దేశంలో తొలిసారి 1937లో వైద్యులు నమోదు చేసినది ఆనాటి నెల్లూరు జిల్లాలో. ఆ జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు వచ్చింది.

ఈ రోగంలో ఫ్లోరైడు ఎముకలలో చేరి, స్నాయువులు కూడా ఎముకవలె గట్టిపడతాయి. మెడ, నడుము, భుజాలు కలిసి బిగుస్తాయి. చూచేవారికి సంధివాతంలా కనబడుతుంది. చేరిన ఫ్లోరైడును కరిగించే మాత్ర లేదు. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి వాడి మూత్రపిండాలు చెడితే ఫ్లోరైడు బయటకు పోవడం ఇంకా తగ్గుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాముకు మించరాదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు సహించవచ్చుననీ మన ప్రమాణం. కాచడం వల్ల ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలిన దానిలో చిక్కబడుతుంది. ఆ ఊళ్ల నుంచి వచ్చే భక్తులు మెడ, నడుము, భుజాలు కలిసి బిగుస్తున్నట్లయితే బోరు నీటిని పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని వైద్యులకు చూపించాలి. ఇక్కడ మొదటి చికిత్స నీటిని మార్చడమే.

చూర్ణాలు, తైలాలు, గుళికలు

ఆయుర్వేదం మీద నాకు గౌరవం ఉన్నది. చదువుకున్న వైద్యుని పర్యవేక్షణలో అభ్యంగం, స్వేదం, నస్యం చేయించుకున్నవారికి ఊరట కలగడం చూచాను. నేనూ వేడిచేసిన తైలంతో మర్దన చేయించుకుంటాను. అయితే పేరు, చిరునామా లేని పొట్లాలలో అమ్మే వాతం చూర్ణాలు వేరు. రెండు రోజులలో అద్భుతంగా నొప్పి పోయిందంటే అందులో స్టిరాయిడ్ కలిసి ఉన్నదేమోనని అనుమానించాలి. ముఖం ఉబ్బడం, చక్కెర, రక్తపోటు పెరగడం, చర్మం పలచబడి కమిలిపోవడం దాని గుర్తులు. చాలాకాలం వాడినవారు అకస్మాత్తుగా మానివేయడం కూడా ప్రమాదమే. పొట్లం పట్టుకొని వైద్యుని దగ్గరకు వెళ్లండి, ఆయన క్రమంగా తగ్గిస్తారు. లోహభస్మాలు ఉన్న మందులను సొంతంగా కొని వాడరాదు. ఏ మందు తీసుకున్నా ఆయుర్వేద వైద్యునికి అల్లోపతి మందులు, అల్లోపతి వైద్యునికి ఆయుర్వేద మందులు దాచకుండా చెప్పాలి.

గ్లూకోసమైన్ గుళికలు కీళ్లకు బలమని చాలామంది కొంటారు. భుజం అరుగుదలకు వాటి మేలు రుజువు కాలేదు. మరొక సంగతి శాకాహారులు తెలుసుకోవాలి. మార్కెట్టులో దొరికే గ్లూకోసమైన్‌ను ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. మన కోస్తా చెరువుల రొయ్యను ఇంటి గుమ్మం దాటనివ్వని నేను, ఆరు నెలలు నైవేద్యం ముగించుకొని ఆ గుళికను మింగాను. పెట్టె మీద రాసినది చదవకపోవడం నా తప్పే.

గిలక సాధన

ఇంతవరకు చెప్పినవన్నీ నొప్పిని తగ్గించేవి. చేయిని ఎత్తించేది కదలిక ఒక్కటే. నొప్పి భయంతో చేయిని కదపకుండా ఉంచితే కండరం ఎండుతుంది, కీలు బిగుస్తుంది, అప్పుడు నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి మాత్రతో పెరట్లో పనులన్నీ చేయబోతే అరిగిన కీలు ఇంకా రాసుకుంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న దారి వ్యాయామ చికిత్స. ఫిజియోథెరపీ నిపుణులు నాకు నేర్పినవి ఇవి.

మొదటిది ఊగుడు. నొప్పి లేని చేతితో బల్ల పట్టుకొని ముందుకు వంగి, నొప్పి చేతిని వేలాడదీసి గంట నాలుకవలె మెల్లగా ముందుకూ వెనుకకూ, తరువాత చిన్న వలయాలుగా ఊపాలి.

రెండవది గోడ ఎక్కడం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ మీద చీమ ఎక్కినట్లు పైకి పోవాలి. ఎక్కినంత మేర బొగ్గుతో గీత పెట్టుకున్నాను. ఆ గీత పైకి జరగడమే నా ఫలశ్రుతి.

మూడవది కర్ర. రెండు చేతులతో కర్ర పట్టుకొని, మంచి చేయి బలంతో నొప్పి చేతిని పక్కకూ పైకీ నెట్టాలి.

నాలుగవది గిలక. మా చిన్ననాడు నూతిలో చేద వేసి గిలక మీద తాడు లాగేవాళ్లం. అదే గిలక ఇప్పుడు తలుపు పైన కట్టుకున్నాను. కుర్చీలో కూర్చొని, తాడు రెండు కొసలు పట్టుకొని, మంచి చేయి కిందికి లాగితే నొప్పి చేయి పైకి లేస్తుంది.

ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు రెండు మూడు పూటలు. చేసేటప్పుడు కొంచెం లాగినట్లు ఉండవచ్చు. నొప్పి రెండు గంటలు దాటి నిలిచిందంటే మర్నాడు తగ్గించి చేయాలి. స్నాయువు చిరిగినవారికి, ఆమవాతం ఉధృతంగా ఉన్నవారికి ఈ క్రమం మారుతుంది. ఒంగోలు రిమ్స్ వంటి ప్రభుత్వ ఆస్పత్రిలోని ఎముకల విభాగంలో చూపించుకొని, ఏది తగునో నేర్చుకొని మొదలుపెట్టండి. రాత్రి నొప్పి చేయి కింద చిన్న దిండు పెట్టుకుంటే నిద్ర పడుతుంది. రోజూ వాడే పాత్రలను పై అరల నుంచి నడుము ఎత్తుకు దించుకోండి. బరువులు ఒంటికి దగ్గరగా పట్టుకోండి.

ఆలయంలో ఎలా మెలగాలి

ముడుపు కట్టుకున్నామని బలవంతపు సాష్టాంగాలు, పొర్లుదండాలు చేయవద్దు. చేతుల మీద బరువు మోపి లేచేటప్పుడే భుజం ఎక్కువగా దెబ్బ తింటుంది. నిలబడి హృదయం దగ్గర చేతులు జోడించినా స్వామి స్వీకరిస్తాడు. గంట అందకపోతే పక్కవారిని కొట్టమనండి. వాహనసేవలో భుజం పట్టే యువకులు ఒకే భుజం మీద మోయక, మధ్య మధ్య వైపు మార్చుకోండి. అభిషేకానికి నిండు కలశం బదులు సగం కలశం పట్టండి, రెండు చేతులతో పట్టండి.

వీటన్నిటితోనూ నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే, కూడు నోటికి అందించుకోలేకపోతే, కీలుమార్పిడి శస్త్రచికిత్స ఉన్నది. దాన్ని ఓటమిగా భావించకండి. అయితే నావలె ముందు అడ్డదారులన్నీ తొక్కి, ఒంట్లోని ఇతర అవయవాలు చెడగొట్టుకొని అక్కడికి చేరకండి. మూత్రపిండాలు చెడినవారికి శస్త్రచికిత్స కూడా కష్టమే.

నిరుడు కార్తిక సోమవారంనాడు మళ్లీ అభిషేకానికి కూర్చున్నాను. సగం కలశం, రెండు చేతులు. కుడిచేయి గడ్డం దాకా లేచింది. శిరస్సు మీద అంజలి ఇంకా కుదరదు. గోడ మీది బొగ్గు గీత తలుపు గడియ దాటింది, ద్వారబంధం అందుకోలేదు. అందుకోకపోవచ్చు కూడా. అక్షతల కోసం వచ్చి మాత్ర పేరు అడిగేవారికి నేనిప్పుడు మూడు ప్రశ్నలు వేస్తున్నాను. భుజాన్ని వైద్యునికి చూపించారా? మూత్రపిండాల పరీక్ష చేయించారా? రోజుకు ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారు? మూడవ ప్రశ్నకు "అప్పుడప్పుడండీ" అని జవాబు వచ్చినప్పుడు, నాయనా, ఆ మాట నాకు తెలుసు, నిజం చెప్పు అంటాను.

స్వస్తి.